రెండేళ్లుగా పొట్లాలు పంచుతున్నాం, ఒక్కరూ చర్చికి రాలేదు. మానేయాలా?

అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "నాకు 27 ఏళ్లు, గుంటూరు. మా సంఘం యూత్ రెండేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం పెద్దాసుపత్రి బయట, రోగుల వెంట వచ్చినవాళ్లకి 120 అన్నం పొట్లాలు, ఒక్కో కరపత్రం ఇస్తున్నాం. ఇంతవరకు ఒక్కరూ చర్చికి రాలేదు. నెలాఖరు రిపోర్టులో సున్నా రాయాలంటే టెన్షన్. ఈమధ్య ఒక పెద్దావిడ ప్రతి వారం రెండు పొట్లాలు అడుగుతోంది, నాకు చిరాకొస్తోంది. దేవుని శాశ్వత ప్రేమే మనల్ని సేవకి కదిలించాలని ప్రసంగాల్లో వింటాను. నాలో ఏమీ కదలడం లేదు. నేను నటిస్తున్నానా? మానేయమంటారా?"

బాబూ, నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు, మా చిన్నవాడు నీకంటే రెండేళ్లు పెద్ద. నేను 33 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది గుంటూరే, లూథరన్ కుటుంబం. ఇప్పుడు మా పేటలో ఆడవాళ్ల బైబిల్ స్టడీ నడుపుతుంటాను. వేదాంతం చదువుకున్నదాన్ని కాదు. కింద ఎక్కడైనా గ్రీకు మాట తగిలితే అది రాజమండ్రి లూథర్‌గిరిలో చదివిన మా మామయ్య దగ్గర విన్నదే.

ముందు నీ చివరి ప్రశ్న. మానేయొద్దు. కానీ వచ్చే రెండు ఆదివారాలు వెళ్లకు. మధ్యాహ్నం అన్నం తిని పడుకో, సాయంత్రం మీ అమ్మతో కూర్చుని టీ తాగు. పొట్లాల సంగతి మిగతా పిల్లలు చూసుకుంటారు. చూసుకోలేకపోతే రెండు వారాలు ఆగుతుంది, అంతే.

ఇది నా సొంత వైద్యం అనుకోకు. ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసేయి అన్నప్పుడు ఏం జరిగిందో మొదటి రాజుల గ్రంథం 19లో చూడు. అంత పెద్ద ప్రవక్త ఆ మాట అన్నాడు కదా, దేవుడు గట్టిగా బుద్ధి చెబుతాడనుకుంటాం. వచ్చింది ఒక దూత, నిప్పుల మీద కాల్చిన అప్పం, కూజాలో నీళ్లు. తిన్నాడు, పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టారు. నువ్వు ఇక్కడ ఏం చేస్తున్నావు అని దేవుడు అడగడం ఆ తరవాతెప్పుడో, కొండ దగ్గర. నాకూ వరసగా నైట్ డ్యూటీలు పడ్డప్పుడు రోగి మూలిగినా విసుగొచ్చేది. నాలో ప్రేమ చచ్చిపోయిందని ఏడ్చి ఉపవాసం పెట్టుకునేదాన్ని, దాంతో ఇంకా నీరసం. రెండు రోజులు ఆఫ్ దొరికి కంటినిండా పడుకుంటే ఆ ప్రేమే ఎక్కడినుంచో తిరిగొచ్చేది. నిద్ర సమస్యని ఆత్మ సమస్య అనుకుని ఎన్ని ఉపవాసాలు దండగ చేశానో.

అయితే నీ ప్రశ్నలో అలసటతో పాటు ఒక లెక్క కూడా ఉంది. అసలు బాధ అక్కడ ఉందని నాకనిపిస్తోంది.

"శాశ్వతమైన ప్రేమతో నేను నిన్ను ప్రేమించుచున్నాను గనుక విడువక నీయెడల కృప చూపుచున్నాను." యిర్మీయా 31:3. మన ఇళ్లలో ఈ వచనం ఉన్న క్యాలెండరు ఏదో ఒక గోడకి ఉంటుంది, కింద గులాబీ పువ్వు బొమ్మతో. ఆ గులాబీ చూసీ చూసీ ఇది ఎవరితో అన్నమాటో మర్చిపోయాం. కత్తికి తప్పించుకుని, చెరలో చెదిరిపోయిన జనంతో అన్నమాట ఇది. చెప్పినవాడి సంగతి ఇంకా చూడు. యిర్మీయా దాదాపు 40 ఏళ్లు ప్రకటించాడు. వినకపోగా కొట్టారు, బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో వేశారు, బురద గోతిలోకి దింపారు. చివరికి ఆయన వద్దు వద్దంటున్నా జనం ఐగుప్తుకి పోతూ ఆయన్ని కూడా వెంట పట్టుకుపోయారు. ఆయన చేత నెలాఖరు రిపోర్టు రాయిస్తే ఏం రాసేవాడో ఆలోచించు. ఆ నోటి నుంచే ఈ వచనం వచ్చింది.

శాశ్వతం అనగానే మనకి "ఎప్పటికీ అయిపోనిది" అని తడుతుంది, పర్మనెంట్ ఉద్యోగంలాగా. కానీ ఎంత పర్మనెంట్ ఉద్యోగానికైనా అపాయింట్‌మెంట్ ఆర్డరు మీద ఒక తేదీ ఉంటుంది. ఫలానా రోజు చేరాం, ఫలానా పరీక్ష పాసయ్యాం కాబట్టి చేరాం. దేవుని ప్రేమకి ఆ తేదీ లేదు. అసలు మెలిక ఇక్కడుంది, ఇది ప్రసంగాల్లో తక్కువగా వింటాం. యోహాను 17లో యేసు తండ్రితో మాట్లాడుతూ, జగత్తుకి పునాది వేయకముందే నువ్వు నన్ను ప్రేమించావు అంటాడు. అదే ప్రార్థన చివర, ఆ ప్రేమే వీళ్లలో ఉండాలని అడుగుతాడు. అంటే మనల్ని ప్రేమించడానికి దేవుడు కొత్తగా ఒక ప్రేమ మొదలుపెట్టలేదు. తండ్రీ కుమారుల మధ్య ఎప్పటినుంచో ఉన్నదాంట్లోకే మనల్ని పిలిచాడు. ఒంటరితనం భరించలేక మనల్ని చేసుకున్నాడనీ, మనం ఆరాధించకపోతే ఆయనకి లోటనీ ఆదివారం బడిలో పిల్లలకి చెబుతుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ ప్రేమకి బయటి కారణం లేదని ద్వితీయోపదేశకాండం 7లో ఇశ్రాయేలుతోనూ చెప్పాడు: మీరు ఎక్కువమంది అని ఎంచుకోలేదు, మీరు అందరికంటే తక్కువమందే, ప్రేమించాను కాబట్టి ప్రేమించాను. కారణం అడిగితే మళ్లీ ప్రేమనే చూపిస్తాడు.

ఇప్పుడు నీ రిపోర్టు తియ్యి. నువ్వు పుట్టకముందునుంచీ ఉన్నది నీ సున్నా వల్ల తగ్గదు, రేపు ఆ గడిలో 50 రాసినా పెరగదు. ఇది వినడానికి ఓదార్పులా ఉంటుంది గానీ మింగడం కష్టం. మన సాక్ష్యాలన్నీ అప్పు భాషలో నడుస్తాయి మరి. "దేవుడు నాకింత చేశాడు, నేనాయనకి ఏం చేశాను?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటాం. వినేవాళ్లూ ఏడుస్తారు. కానీ అలా మొదలైన సేవ వడ్డీ కట్టడంలాగే సాగుతుంది. అసలు ఎప్పటికీ తీరదు, కట్టేవాడికి ముఖంలో నవ్వుండదు, ఒక నెల తప్పితే గుండె దడ.

మరి పౌలు రోమా 1:14లో తాను ఋణస్థుణ్ణి అన్నాడు కదా అంటావేమో. అన్నాడు. ఎవరికి? గ్రీసు దేశస్థులకీ, కానివాళ్లకీ. దేవుడికి బాకీ ఉన్నానని అక్కడ అనలేదు. తేడా చెప్పాలంటే ఇలా అనుకో. నువ్వు హైదరాబాదు బస్సు ఎక్కుతుంటే పక్కింటి పిన్నిగారు గోంగూర పచ్చడి జాడీ తెచ్చి, మా వాడికి ఇవ్వు నాయనా, అంది. ఆ జాడీ అందేదాకా నువ్వు బాకీ. కానీ ఆ కుర్రాడికి. ఆ పచ్చడి నువ్వు చేసింది కాదు, దాని డబ్బు ఎవరికీ కట్టక్కర్లేదు. జాడీ మూత ఊడకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే నీ పని. అతను తెరిచి తింటాడా, పక్కన పెడతాడా అన్నది నీ చేతిలో లేదు.

నీ పరిస్థితికి నాకు గుర్తొచ్చేది తప్పిపోయిన కుమారుడు కాదు, ఇంట్లో ఉన్న పెద్దవాడు. లూకా 15లో తండ్రితో అంటాడు: "ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే." అక్కడి గ్రీకు మాట దాసుడు చేసే చాకిరీకి వాడేదట. తండ్రి ఇంట్లో కొడుకై ఉండి బానిస లెక్కలు వేసుకున్నాడు, నాకెప్పుడూ ఒక మేకపిల్లైనా ఇవ్వలేదే అన్నదాంతో సహా. రెండో పొట్లం అడిగిన పెద్దావిడ మీద నీకొచ్చిన చిరాకు ఈ మేకపిల్ల చిరాకే. కోప్పడుతున్నాననుకోకు. ఆ చిరాకు నాకు బాగా పరిచయం.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక చిన్న డైరీ పెట్టుకున్నాను. రోజూ ఎంతమందికి సువార్త చెప్పానో అందులో అంకె. ఒకసారి మగవాళ్ల వార్డులో పల్నాడు వైపు నుంచి వచ్చిన ముసలాయన ఉండేవాడు, వెంట ఎవరూ లేరు. డ్యూటీ దిగుతూ ఆయనకి కరపత్రం ఇచ్చి రెండు ముక్కలు చెప్పాను. ఆయన విన్నాడు. విని, "అమ్మా, కాలి గోళ్లు దుప్పటికి పట్టుకుంటున్నాయి, వంగలేకపోతున్నా" అన్నాడు. నాకు ఆరింటికి కూటం. రేపు చూద్దాం తాతా అని వచ్చేశాను. డైరీలో ఆ రోజు ఒకటి అని రాసుకున్నాను కూడా. మర్నాడు వెళ్లేసరికి మా వార్డు ఆయా నేలమీద చతికిలబడి, ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని, సత్తు గిన్నెలో గోరువెచ్చని నీళ్లతో గోళ్లు నానబెట్టి తీస్తోంది. పసుపుపచ్చగా, కొమ్ములా వంకర తిరిగి ఉన్నాయి. బ్లేడుతో పొరపొరగా చెక్కుతోంది. ఆవిడకి చదువు రాదు, ఏ కూటానికీ వెళ్లేది కాదు. ఎందుకు చేస్తున్నావే అంటే, "మా నాయన గోళ్లు కూడా ఇట్టాగే ఉండేయమ్మా" అంది. ఆయన తలగడ కింద నా కరపత్రం ఉంది, తీసిన గోళ్లు పెట్టుకోవడానికి అందులోంచి ఒక కాగితం చింపారు. ఆ డైరీ నేను ఆ ఏడాదే ఆపేశాను. సువార్త చెప్పడం మాత్రం ఆపలేదు, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇక "ప్రేమ కదిలించాలి" అన్న మాట. ఇది 2 కొరింథీ 5:14 నుంచి వచ్చింది: "క్రీస్తు ప్రేమ మమ్మును బలవంతము చేయుచున్నది." బలవంతం అనగానే మనకి మెడ పట్టి తోయడం గుర్తొస్తుంది. అదే గ్రీకు మాట లూకా 8:45లో కూడా ఉందని మామయ్య చెప్పేవాడు, రక్తస్రావం గల స్త్రీ యేసు వస్త్రం ముట్టుకున్నచోట. జనం క్రిక్కిరిసి నీమీద పడుతున్నారు ప్రభువా అని పేతురు అంటాడే, ఆ క్రిక్కిరియడం. మేం లూథరన్లమే గానీ విజయవాడలో ఉన్న మా వదిన ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్, ఆవిడతో ఒక ఏడాది ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకి వెళ్లాను. 9, 10, 11 తేదీల్లో ఆ కొండ మెట్ల దగ్గర నిలబడితే నువ్వు నడవక్కర్లేదు. ముందు జనం, వెనక జనం, రెండు పక్కలా జనం, కాలు నేలకి ఆనిందో లేదో తెలియకుండా పైకి పోతుంటావు. పౌలు చెప్పిన బలవంతం అలాంటిది. ఇప్పుడు నువ్వు అడిగేదేమిటంటే, నాలోపల మోటారు ఎందుకు తిరగడం లేదని. మోటారు నీలోపల ఉందని ఎవరన్నారు? గుంపులో ఉన్నవాడికి మోటారు అవసరం లేదు. గుంపుకి దూరంగా, పక్క సందులో ఒక్కడూ నిలబడితే ఎంత భక్తి ఉన్నా కదలడు. నువ్వు ఈమధ్య ఒక్కడివే నిలబడ్డావేమో చూసుకో. నిన్ను ప్రేమించే మనుషుల మధ్య, నీకోసం ప్రార్థించేవాళ్ల మధ్య, ప్రభువు బల్ల దగ్గర, ఎన్నాళ్లైంది కూర్చుని? రిపోర్టు ఇవ్వడానికి కాకుండా.

మన గుంటూరులో మిషన్ అంటే సగంమందికి కుట్టు మిషను, మిగతా సగానికి కాంపౌండు గోడ, ఎర్ర పెంకుల బంగళా, ఆసుపత్రి, హాస్టలు. లాటిన్లో ఆ మాటకి అర్థం ఒట్టి "పంపడం". అది కూడా మొదట మిషనరీల గురించి వాడింది కాదట. తండ్రి కుమారుణ్ణి, ఆత్మని పంపడాన్ని చెప్పడానికి పాతకాలపు వేదాంతులు వాడిన మాట. 1952లో జర్మనీలోని విల్లింగెన్‌లో మిషన్ల వాళ్లంతా కూడినప్పటి ఆలోచనలే ఆ పాత అర్థాన్ని మళ్లీ ముందుకి తెచ్చాయి: ఇది సంఘం పెట్టుకున్న కార్యక్రమం కాదు, దేవుడు చేస్తున్న పని, మనం అందులో కలిశాం. యోహాను 20:21లో ఉన్నది అదే. తండ్రి నన్ను పంపినట్టు నేను మిమ్మల్ని పంపుతున్నాను. అంటే పంపకం మనతో మొదలవలేదు.

మన ఊరి చరిత్రలో దీనికి సాక్ష్యాలున్నాయి, సెంటినరీ సావనీర్లలో పొగడ్తల కింద పూడుకుపోయాయి గానీ. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హెయ్యర్ 1842 జూలై 31న గుంటూరు వచ్చాడు, అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ప్రోత్సాహంతో. వచ్చేనాటికి 49 ఏళ్లు. అమెరికా తిరిగి వెళ్లాక కూడా ఊరుకోలేదు, 1869లో 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కాడు. ఆ వయసులో టార్గెట్లు చూసుకుని ఓడెక్కేవాళ్లు ఉండరు.

అమెరికా నుంచే వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సంగతి నాకు ఇంకా ఇష్టం, నర్సుని కాబట్టి కావచ్చు. 1883లో ఆమె ఇక్కడికి వచ్చేటప్పటికే వైద్యం చదివిన మనిషి. కానీ పంపిన బోర్డు వైద్య సేవకి ఇంకా సిద్ధంగా లేదు, ఇళ్లలో ఆడవాళ్లకి చదువు చెప్పే పనికని పంపింది. ఆమె మందులపెట్టె వెంట తెచ్చుకుంది. మెడికల్ మిషనరీగా ఒప్పుకున్నది 1885లో. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే వచ్చిన 15 ఏళ్లకి. మధ్యలో ఆ ఏళ్లన్నీ ఏ రిపోర్టులో ఏ గడిలో రాస్తావు? 1930లో ఇక్కడే కన్నుమూసింది. కాన్పుకి మగ డాక్టరు దగ్గరికి వెళ్లనివ్వని రోజుల్లో ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, బతికి బయటపడ్డ తల్లులు ఎందరో, వాళ్లలో చాలామంది క్రైస్తవులు కాలేదు. అయినా ఆ పని వృథా అని ఎవరైనా అంటారా?

ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న క్లౌ దొర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనల్ని "బియ్యం క్రైస్తవులు" అని వెక్కిరించేవాళ్లు ఆ కథే ఎత్తుతారు. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అప్పుడే బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న అనుమానం ఉండకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. కరవు సాయం ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మన ప్రసంగీకులు 2,222 గురించి గంట మాట్లాడతారు. నాకు ఆ ఆపేసిన నెలలు గొప్పగా కనిపిస్తాయి. చేతిలో అన్నం ఉన్నవాడు ఎదుటివాడి ఆకలిని తనకి అనుకూలంగా వాడుకోకుండా ఆగాడు.

ఇక్కడ నీ కరపత్రం దగ్గరికి వస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు మేం గుంటూరు నుంచి పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు పట్టుకుని వెళ్లాం. మాతో వచ్చిన ఒక బృందం పిల్లలు ప్రతి పొట్లానికీ రబ్బరు బ్యాండుతో కరపత్రం కట్టారు. నడుంలోతు నీళ్లు, నల్లటి బురద, డీజిల్ వాసన. ట్రాక్టరు మీద నుంచి అందిస్తున్నాం. ఒక మేడ మెట్ల మీద నిలబడ్డ ఆవిడ పొట్లం అందుకుని, కరపత్రం తీసి చేత్తో పట్టుకుని, "కాగితం ఎందుకమ్మా, కొవ్వొత్తులు లేవా? మూడు రోజులైంది కరెంటు లేక, రాత్రి పాములొస్తున్నాయి" అంది. కాగితం వదిలేసింది. అది నీళ్లలో మా ట్రాక్టరు పక్కనే తేలుతూ వచ్చింది. మీద ఏ వచనమో చెప్పక్కర్లేదు, గులాబీతో సహా. వెనక్కి వస్తుంటే వ్యానులో పెద్ద గొడవ. దేవుని వాక్యాన్ని అవమానించింది అని ఒకరు, వాక్యాన్ని బురదలో వేసింది మనమే అని ఇంకొకరు. నేను రెండోవాళ్ల వైపు. మర్నాటి ట్రిప్పుకి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పిల్లల డైపర్లు, ఆడవాళ్లకి ప్యాడ్లు కట్టించాం. ఆ ట్రిప్పులో కరపత్రాలు లేవు.

కాబట్టి పొట్లంతో పాటు కరపత్రం ఇవ్వడం ఆపమంటాను. ఇది నా అభిప్రాయం, మీ పాస్టరుగారు ఒప్పుకోకపోవచ్చు. ఆసుపత్రి బయట కూర్చున్న మనిషికి లోపల మంచం మీద కొడుకో మొగుడో ఉంటాడు. ఆ టైములో మనం ఏమిచ్చినా రెండు చేతులా తీసుకుంటారు, తల ఊపుతారు, ప్రార్థన చేస్తానంటే వద్దనరు. అది ఒప్పుకోవడం కాదు, భయం. 33 ఏళ్లు మంచం ఇవతల నిలబడ్డదాన్ని, నాకు తెలుసు.

అలాగని నోరు మూసుకోమని చెప్పడం లేదు. పని చాలు, మాట అక్కర్లేదు అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, వాళ్లతోనూ నాకు పేచీనే. నా ప్రాణాన్ని నిలబెట్టింది నాకిష్టమైనవాళ్లకి చెప్పకుండా దాచుకుంటే అదేం ఇష్టం? మొదటి పేతురు 3:15 అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పమంటుంది, సాత్వికంతో, భయంతో. అడగాలంటే ముందు నువ్వెవరో వాళ్లకి తెలియాలి. "ప్రతి ఆదివారం ఎందుకొస్తారు బాబూ?" అని ఎవరైనా అడిగితే చుట్టూ తిప్పకుండా చెప్పు: యేసు నన్ను ప్రేమించాడు, అందుకొస్తాను. ఇంకా కావాలంటే కూర్చుని చెప్పు. వద్దంటే పెరుగు ప్యాకెట్టు కావాలా అని అడుగు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు. మిగిలిన తొమ్మిదిమంది ఎక్కడ అని యేసు అడిగాడు, బాధపడ్డాడు కూడా. కానీ వాళ్లకి ఆ రోగం మళ్లీ వచ్చిందని ఎక్కడా రాసి లేదు.

అన్నట్టు, అంకెలు పాపం అనుకోకు. అపొస్తలుల కార్యాల్లో మూడు వేలమంది అని లూకా కూడా రాశాడు. లెక్కించడం తప్పు కాదు. లెక్క చూసుకుని నన్ను దేవుడు ప్రేమిస్తున్నాడా లేదా అని తేల్చుకోవడం దగ్గర తేడా వస్తుంది. నెలాఖరు కాగితంలో సున్నా రాయాల్సి వస్తే సున్నా రాయి. నిజమే కదా. పక్కన జాగా ఉంటే ఈ నెల ఎవరి పేరు తెలుసుకున్నావో రాయి. ఎవరైనా అడిగితే ఈ గడి ఏమిటని, అప్పుడు మాట్లాడు.

ఇంకొకటి, కాస్త చేదుగా ఉంటుంది. పెద్దాసుపత్రి దగ్గరికి వెళ్లేముందు మన సంఘం లోపల చూడు. కొత్త కుటుంబం వస్తే మనం మొదట అడిగేది "మీదే పేట?" అని. ఆ ప్రశ్న అడ్రసు కోసం కాదు, కులం కోసమని అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. ఫలానావాళ్ల చర్చి, ఫలానావాళ్ల సమాధుల దొడ్డి అని విడగొట్టుకుని, పెళ్లి సంబంధం దగ్గర ఇంకా గట్టిగా విడగొట్టుకుని, బయటికి మాత్రం శాశ్వతమైన ప్రేమ అని పంచుతాం. మీరు ఒకరినొకరు ప్రేమిస్తే దాన్నిబట్టి లోకం తెలుసుకుంటుందని యోహాను 13:35లో యేసు చెప్పాడు. జనం తెలుసుకుంటున్నారు, మనం అనుకున్నది కాదు. మీ యూత్‌లో 15 మంది ఉంటే, రెండో పేట నుంచి ఎందరున్నారో చూడు. ఒక్కరూ లేకపోతే నీ సేవ అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు, దానికి పులిహోర కూడా వండక్కర్లేదు.

రెండు వారాలయ్యాక ఎలా వెళ్లాలో చెబుతాను, పనికొస్తే తీసుకో. 120 బదులు 60 చెయ్యండి. మిగిలిన టైములో చేతిలో ఏమీ లేకుండా ఎవరి పక్కనైనా పావుగంట కూర్చోండి. జంటలుగా వెళ్లండి, యేసు కూడా ఇద్దరిద్దరిని పంపాడు, ఒకరు తూలితే ఇంకొకరు ఉంటారు. మీరూ అక్కడే ఒక పొట్లం విప్పి వాళ్లతో తినండి. ఇచ్చేవాడు నిలబడి, తినేవాడు కూర్చుని ఉంటే ఎంత ప్రేమ ఉన్నా అది పంపిణీలాగే ఉంటుంది. వార్డులోకి సిస్టర్ రమ్మంటే తప్ప వెళ్లొద్దు. ఫొటోలు తీయొద్దు, ఎవరి కష్టం వాళ్లది. మందుల చీటీ చదివి పెట్టడం, రక్తం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం, ఫోను చార్జింగు పెట్టించడం, ఇలాంటివి అన్నం కంటే ఎక్కువ అవసరపడే రోజులుంటాయి.

నీకేమీ అనిపించకపోవడం గురించి మరీ బెంగపెట్టుకోకు. రోజూ దేవుడితో ఐదు నిమిషాలు ఏమీ అడగకుండా, ఏమీ ఒప్పజెప్పకుండా కూర్చో. నేను యోహాను 17 చివరి మూడు వచనాలు నెమ్మదిగా చదువుకుంటాను, కొన్నాళ్లు ఏమీ ఉండదు, కొన్నాళ్లు కళ్లు తడుస్తాయి. రెండు రకాల రోజుల్లోనూ తరవాత లేచి వంట చేసుకోవాల్సిందే.

ఆ పెద్దావిడ గురించి నువ్వు రాసినదాంట్లో ఒకటి లేదు. రెండు పొట్లాలు అడుగుతుందని రాశావు, చిరాకొస్తుందని రాశావు. రెండోది ఎవరికని ఆవిణ్ణి అడిగావా? వెళ్లినప్పుడు అడుగు. అడిగి, వీలైతే ఇక్కడే రాయి. నాకూ తెలుసుకోవాలనుంది.